నవ్వు ఎక్కడ ఆగిందో రాయండి: ‘ఫిల్త్’ లాంటి సినిమా చూశాక మన స్పందన ఎలా రాయాలి

సినిమా అయిపోయి పది నిమిషాలు కూడా కాకముందే ఫోన్ తీసి "మైండ్ బ్లాక్, తప్పక చూడండి" అని పెట్టేస్తాం, లేకపోతే "ఛీ, ఇదేం సినిమా, అరగంటకే ఆపేశా" అని పెట్టేస్తాం. మామూలు సినిమాకైతే అది చాలేమో. కానీ తాగి, మత్తు పీల్చి, తోటి ఉద్యోగుల జీవితాలతో ఆడుకునే ఒక పోలీసును మధ్యలో నిలబెట్టి, వాడి నోటితోనే మనకు కథ చెప్పించి, మనల్ని పగలబడి నవ్వించి, ఆ నవ్విన నోటికే తాళం వేసే సినిమా చూసినప్పుడు మాత్రం ఆ రెండు మాటలూ ఎవరికీ పనికిరావు. చూడబోయేవాళ్లకు పనికిరావు, మీకూ పనికిరావు, ఎందుకంటే వారం తిరిగేసరికి అసలు మీకేమనిపించిందో మీకే గుర్తుండదు.

నేను ఇలాంటి సినిమాల గురించి చాలాకాలంగా రాస్తున్నాను, పదిమందిని కూర్చోబెట్టి చూపించి మాట్లాడించాను కూడా. దాంట్లో నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఉదాహరణకు ఒకే సినిమా తీసుకుంటాను, స్కాట్లండ్ సినిమా ‘ఫిల్త్’. ఇర్విన్ వెల్ష్ 1998లో రాసిన నవల ఆధారంగా జాన్ ఎస్. బెయిర్డ్ తీశారు, జేమ్స్ మెకవాయ్ హీరో. 2013 సెప్టెంబరు చివర్లో ముందు స్కాట్లండ్‌లో, వారం తర్వాత మిగతా బ్రిటన్‌లో విడుదలైంది. నిడివి 97 నిమిషాలు. బ్రిటన్‌లో దీనికి 18 సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పెద్దవాళ్లకు మాత్రమే. ఆ ముక్క సరదాకి చెప్పడం లేదు, పిల్లలున్న హాల్లో పెట్టే సినిమా కాదిది. చివరి ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుందో ఈ రాతలో ఎక్కడా చెప్పను, కాబట్టి చూడనివాళ్లు కూడా భయం లేకుండా చదవొచ్చు.

కథ చూచాయగా: క్రిస్మస్ ముందు రోజులు, ఎడిన్‌బరో. ఒక జపాన్ విద్యార్థిని కొట్టి చంపేస్తారు. కేసు డిటెక్టివ్ సార్జెంట్ బ్రూస్ రాబర్ట్‌సన్ చేతికొస్తుంది. స్టేషన్లో ఒక డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఖాళీగా ఉంది, దానికి అరడజను మంది పోటీ. ఆ ప్రమోషన్ వస్తే విడిపోయిన భార్య, కూతురు తిరిగొస్తారని బ్రూస్ నమ్మకం. అందుకని హంతకుల్ని పట్టుకోవడం కన్నా పోటీదారుల్ని ఒక్కొక్కరినే తొక్కేయడం మీద ఎక్కువ శ్రద్ధ పెడతాడు.

చూడకముందు

మొదట చేయాల్సిన పని మన తలలో ఉన్న పోలీసు సినిమాను పక్కన పెట్టడం. మనకు చెడ్డ పోలీసు కథ కొత్త కాదు. 2015లో వచ్చిన ‘టెంపర్’లో లంచాలు మరిగిన ఎస్సై ఒక కేసు దెబ్బకు పూర్తిగా మారిపోతాడు, హాలు ఊగిపోతుంది. ఆ మలుపు మనకు ఎంత అలవాటైపోయిందంటే, తెర మీద చెడ్డ పోలీసు కనబడగానే "సరే, ఇంటర్వెల్ దాకా వీడి వేషాలు చూద్దాం, తర్వాత మారతాడు కదా" అని మనసు ముందే సర్దుకుంటుంది. అప్పటిదాకా వాడు చేసే వెధవ పనులన్నీ మన దృష్టిలో అడ్వాన్సుగా క్షమించేసినట్టే లెక్క. ‘ఫిల్త్’ చూసి తిట్టిన తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది, నాకు తెలిసినంతలో, బూతులకు తిట్టలేదు. ఆ మలుపు కోసం ఎదురుచూసి, తాము అనుకున్నట్టు అది రాకపోయేసరికి తిట్టారు. మీరూ అలా ఎదురుచూస్తున్నారేమో గమనించుకోండి. ఎదురుచూడటం తప్పని కాదు, కానీ రాసేటప్పుడు "నేను మార్పు కోసం చూశాను" అని ఒక వాక్యం రాస్తే చదివేవాడికి మీరెక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలుస్తుంది.

రెండోది భాష. స్కాట్లండ్ యాస మన చెవికి అంత తొందరగా పట్టదు, మామూలు ఇంగ్లిష్ సినిమాలు హాయిగా చూసేవాళ్లు కూడా మొదటి పావుగంట తడబడతారు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో చిన్నతనమేం లేదు. సగం జోకులు నోటి దురుసు మీదే నడుస్తాయి, మాట అందకపోతే వాడి మొహం మాత్రమే మిగులుతుంది. ఇంకొక్క సంగతి తెలిసి కూర్చుంటే మంచిది. ‘ఫిల్త్’ అంటే రోత, మురికి అని మనకు తెలుసు, కానీ బ్రిటన్‌లో వీధి భాషలో పోలీసుల్ని తిట్టే మాట కూడా అదే. సినిమా పేరులోనే ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. "రోతగా ఉంది" అని తిట్టేవాళ్లు తెలియకుండానే సినిమా పేరునే తిరిగి చెబుతున్నారన్నమాట.

చూస్తున్నప్పుడు

ఒక తెల్లకాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఫోన్లో రాసుకోవద్దు, ఫోన్ తెరిస్తే మెసేజ్ వస్తుంది, మెసేజ్ వస్తే సినిమా పోతుంది. కాగితం మీద పెద్దగా ఏమీ రాయక్కర్లేదు. మీరు నవ్విన చోట "న" అని, పక్కన నిమిషం. నవ్వు మొదలై మధ్యలో ఆగిపోయిన చోట "ఆ". నవ్వాలా వద్దా అని పక్కవాళ్ల మొహం వైపు చూసిన చోట "ప". ఈ మూడక్షరాలు చాలు. బాగుంది, బాలేదు అని అప్పుడే తీర్పులు రాయకండి, నటన, కెమెరా, సంగీతం కూడా తర్వాత చూసుకోవచ్చు. తీర్పును రాత్రికి మార్చుకోగలం, మర్నాడు ఇంకోలా చెప్పుకోగలం, కానీ 23వ నిమిషంలో నవ్వామన్నది నవ్వామన్నదే. ఇలాంటి సినిమా విషయంలో మన దగ్గర ఉండే గట్టి సాక్ష్యం అదొక్కటే.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక సంగతి చెబితే తెలుస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరుగురం కలిసి చూశాం. ముగ్గురు ఆఫీసువాళ్లు, ఒక పాత రూమ్మేట్, వాడి భార్య, నేను. సినిమాలో బ్రూస్‌కు క్లిఫర్డ్ బ్లేడ్స్ అని ఒక మెతక స్నేహితుడు ఉంటాడు, అందరూ బ్లేడ్సీ అంటారు, ఎడ్డీ మార్సన్ వేశారు. ఆ బ్లేడ్సీ భార్య బంటీకి బ్రూస్ గొంతు మార్చి బూతు ఫోన్లు చేస్తుంటాడు. ఫ్రాంక్ సైడ్‌బాటమ్ అని బ్రిటన్‌లో పెద్ద బొమ్మ తలకాయ తగిలించుకుని ముక్కుతో మాట్లాడే కామెడీ పాత్ర ఒకటి ఉండేది, ఆ గొంతుతో. ఆమె పోలీసులకు ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదు విచారించడానికి వచ్చేది మళ్లీ బ్రూసే. రాత రీత్యా చూస్తే ఇది పక్కా కామెడీ: దొంగే పోలీసు, ఫోన్ చేసేది వాడే, ఓదార్చేది వాడే. మేం ఐదుగురం సోఫా మీంచి జారిపోయేంత నవ్వాం. నా కాగితం మీద వరసగా నాలుగు "న"లు ఉన్నాయి. రూమ్మేట్ భార్య చేతిలో మురుకుల గిన్నె ఉంది. ఆమె దాన్ని మెల్లిగా టీపాయ్ మీద పెట్టి, మూత వెతికి, మూత పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ పెడుతోందనుకున్నాం. సినిమా అయ్యాక, అందరం మాట్లాడుకుంటుంటే, చాలాసేపటికి చెప్పింది: కాలేజీ రోజుల్లో ఏడాది పాటు ఆమెకు అలాంటి ఫోన్లు వచ్చాయట. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే అక్కడున్నాయన "ఏమన్నాడో ఒకసారి చెప్పమ్మా" అని మళ్లీ మళ్లీ అడిగాడట. పక్కనున్నవాళ్లు నవ్వారట.

ఆ తర్వాత గదిలో ఎవరం ఏం మాట్లాడలేదు. ఆమె మాత్రం ఒక మాటంది, నేను అక్కడే కాగితం వెనకాల రాసుకున్నాను: "సినిమా తప్పుగా చూపించలేదండీ, సరిగ్గా అలాగే ఉంటుంది. మీరు నవ్వుతుంటే లేచి వెళ్లాను కానీ, సినిమా చూసి కాదు."

నేను ఆ రోజు నుంచి స్పందన రాసే పద్ధతి మార్చేశాను. అంతకుముందు నేను ఆ సన్నివేశాన్ని "హిలేరియస్" అని ఒక్క మాటలో దాటేసేవాణ్ని. ఇప్పుడు రాస్తే రెండూ రాస్తాను, నవ్వానని రాస్తాను, ఎవరు నవ్వలేదో రాస్తాను. సినిమా కూడా మన చేత అదే చేయించాలనుకుంటుంది, ముందు వాడితో కలిపి నవ్వించి, తర్వాత ఆ ఫోన్ అవతల ఒక మనిషి ఉందని చూపిస్తుంది. షర్లీ హెండర్సన్ వేసిన ఆ బంటీ పాత్ర మొహం ఒకసారి జాగ్రత్తగా చూడండి.

చూసిన వెంటనే

వెంటనే రాయకండి. కనీసం ఒక రాత్రి పడుకోండి. కానీ వెంటనే మాట్లాడండి, పక్కన మనుషులుంటే. "ఎలా ఉంది?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు "బాగుంది", "పర్లేదు" తప్ప వేరే జవాబు రాదు. "ఎక్కడ నవ్వావు?" అని అడగండి. "ఎక్కడ నవ్వు ఆగింది?" అని అడగండి. "వీడు బాగుపడితే బాగుండు అని ఎక్కడైనా అనిపించిందా?" అని అడగండి. మూడో ప్రశ్నకు చాలామంది ఒకే సన్నివేశం చెబుతారు, వీధిలో ఒకాయన గుండె పట్టేసి కుప్పకూలిపోయినప్పుడు బ్రూస్ పరిగెత్తుకెళ్లి ఛాతీ నొక్కుతూ, ఊపిరి ఊదుతూ బతికించాలని చూసే చోటు. పక్కనే ఆయన భార్య మేరీ, చిన్న కొడుకు. ఆయన బతకడు. అంతదాకా ఎవరి మీదా జాలి చూపించని మనిషి ఆ ఒక్క చోట ఎందుకంత కొట్టుకున్నాడన్నది సినిమా అంతా మన వెంట వస్తుంది. మా గదిలో ఆరుగురిలో నలుగురు ఇదే చెప్పారు, ఒకతను మాత్రం "అప్పుడే నాకు భయమేసింది, వీడిలో మంచి ఉందని తెలిశాక ఇక నవ్వడం కష్టం" అన్నాడు. ఆ మాట ఏ రివ్యూలోనూ నాకు దొరకలేదు, పక్కన కూర్చున్న మనిషిని అడిగితే దొరికింది.

రాసేటప్పుడు

ముందుగా మూడు విషయాల్ని విడదీసుకోండి. బ్రూస్ ఎలాంటివాడు, సినిమా వాణ్ని ఎలా చూపిస్తోంది, నేను ఎలా తీసుకున్నాను. మన స్పందనల్లో జరిగే పొరపాట్లలో ముప్పాతిక వంతు ఈ మూడూ కలిపేయడం వల్లే. "సినిమా ఆడవాళ్లను కించపరుస్తుంది" అని ఒకరంటారు, "కాదు, ఆ పాత్ర కించపరుస్తుంది" అని ఇంకొకరంటారు, ఇద్దరూ రెండు రోజులు కొట్టుకుంటారు. ఇద్దరి దగ్గరా సగం నిజం ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక పద్ధతుంది: ఫలానా సన్నివేశంలో కెమెరా చివరికి ఎవరి మొహం మీద ఆగింది, బ్రూస్ మీదా, దెబ్బతిన్న మనిషి మీదా? బ్రూస్ మీదే ఆగి, వాడి గెలుపుతోనే కట్ అయిపోతే మీరు సినిమాను అడగొచ్చు. అవతలి మనిషి మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే సినిమాకు తెలిసే చేస్తోందని అర్థం. ఉదాహరణలు రెండైనా లేకుండా మాత్రం ఆ మాట ఎత్తొద్దు.

"అవినీతి పోలీసు" అన్న మాట కూడా ఊరికే వాడేయొద్దు. మన దగ్గర అవినీతి అనగానే టేబుల్ కింద చెయ్యి, కవరు, మామూళ్లు గుర్తొస్తాయి. ఈ కథలో డబ్బు పెద్ద విషయం కాదు. బ్రూస్ తినేది అధికారం. కేసులో దొరికినవాళ్ల నిస్సహాయతను వాడుకుంటాడు, ఒకడి గురించి ఇంకొకడి దగ్గర విషం పోస్తాడు, నమ్మిన స్నేహితుణ్ని ఇరికిస్తాడు. "లంచగొండి" అని రాస్తే తప్పుడు బొమ్మ గీసినట్టే, చూడబోయేవాడు ఇంకో రకం సినిమా అనుకుని కూర్చుంటాడు. మీరు చూసిన సినిమాలోని చెడు ఏ రకందో ఒక వాక్యంలో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

డార్క్ కామెడీ అన్న మాటకు తెలుగులో సరైన పదం లేదని చాలామంది బాధపడుతుంటారు. ఆ పేరు దొరక్కపోయినా ఫర్వాలేదు, కానీ దాని లోపల జరిగేది చెప్పడానికి మన దగ్గర మంచి సరుకే ఉంది. భరతుడి రసాల లెక్కలో హాస్యం ఉంది, బీభత్సం ఉంది, కరుణం ఉంది. బీభత్సం అంటే జుగుప్స, రోత పుట్టించేది. మామూలు సినిమాలో ఇవి వేరు వేరు సీన్లలో వస్తాయి, కమెడియన్ ట్రాక్ అయిపోయాక ఏడుపు సీను. ‘ఫిల్త్’లో ఒకే సీనులో, ఒక్కోసారి ఒకే డైలాగులో, హాస్యం మొదలై బీభత్సం మీదుగా కరుణం దాకా వెళ్లిపోతుంది. "ఇక్కడ హాస్యం బీభత్సంగా మారింది" అని రాసి చూడండి, "టోన్ షిఫ్ట్" అని రాసినదానికన్నా మన పాఠకుడికి తొందరగా ఎక్కుతుంది.

వాడి మాటలకు పడిపోవడం గురించి కూడా సిగ్గుపడకుండా రాయండి. సినిమా అంతా బ్రూసే మనకు చెబుతుంటాడు, మనల్ని తన జట్టులో కలుపుకుంటాడు. ఇది మనకు తెలియని ఆట కాదు. 1892లోనే విజయనగరంలో వేదికెక్కిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చేసిందేమిటి? వాడి కోతలకు మనం నూట ముప్పై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాం, ఆ నవ్వులో బుచ్చమ్మ గతేమిటన్నది ఒక్కోసారి మర్చిపోతాం కూడా. నోరున్న మోసగాడు కథ చెబుతుంటే వినేవాడు వాడి వైపు ఒరుగుతాడు. మీరు ఎంతదాకా ఒరిగారో, ఎక్కడ వెనక్కి జరిగారో, కాగితం మీది "ఆ" చూసి రాయండి. కొందరు మొదటి పది నిమిషాల్లోనే జరుగుతారు, కొందరు క్రిస్మస్ పార్టీలో ఫొటోకాపీ మెషీన్ దగ్గర, నేను చాలా ఆలస్యంగా జరిగాను.

నటన గురించి ఒక పేరా చాలు. మెకవాయ్ ఈ సినిమాకు బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడిగా గెలిచారు, ఆ ముక్క రాయొచ్చు, కానీ "ఇరగదీశాడు" అని వదిలేయకుండా ఒక్క చోటు చూపించండి. నవ్వు అలాగే ఉండి కళ్లు మాత్రం మారిపోయే క్షణాలు చాలా ఉన్నాయి, ఒకటి ఎంచుకోండి.

చెప్పాల్సినవి, దాచాల్సినవి

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. బ్రూస్‌కు బైపోలార్ జబ్బు ఉంది, అంటే మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకి, కొన్నాళ్లు లోతైన కుంగుబాటులోకి ఊగిపోయే జబ్బు, మందులు సరిగ్గా వేసుకోడు, సినిమా ముందుకెళ్లేకొద్దీ వాడికి లేనివి కనబడుతుంటాయి, మనుషులు జంతువుల మొహాలతో కనిపిస్తారు. జిమ్ బ్రాడ్‌బెంట్ వేసిన డాక్టర్ రోసీ సీన్లు ఎంత నవ్విస్తాయో అంత కలవరపెడతాయి. దీని గురించి రాసేటప్పుడు "పిచ్చోడు", "మెంటల్‌గాడు", "సైకో" అన్న మాటలు దయచేసి వద్దు. మన చుట్టాల్లో, స్నేహితుల్లో ఆ మందులు వేసుకుంటూ చక్కగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లుంటారు, వాళ్లూ మీ రాత చదువుతారు. వాడు చేసిన చెడు అంతా జబ్బు వల్లే అని తేల్చేయడం కూడా తప్పే, జబ్బు వేరు, నీచత్వం వేరు, సినిమా ఆ రెండింటినీ ఒకే మనిషిలో పెట్టి మనల్ని ఇబ్బంది పెడుతోంది, అది అలాగే రాయండి.

సినిమాలో ఆత్మహత్య ప్రస్తావన ఉంది. "అది చెప్తే స్పాయిలర్ కదా" అని నాతో చాలామంది వాదించారు. నేను ఒప్పుకోను. ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది దాచండి, కానీ ఉందన్న సంగతి మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి, దాంతోపాటు డ్రగ్స్, లైంగిక వేధింపులు, ఒక పసివాడి చావు జ్ఞాపకం ఉన్నాయని కూడా. తెలిసి చూసినవాడికి సినిమా పాడవదు. తెలియక చూసి, ఆ గాయం తనకే ఉన్న మనిషి రాత్రంతా నిద్రపోకుండా కూర్చుంటే మాత్రం మన రాత వల్ల ఒక మనిషికి నష్టం జరిగినట్టే. వీలైతే కింద మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 పెట్టండి, దేశంలో ఎక్కడినుంచైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక్క లైనే కదా.

దాచాల్సినవి రెండే. ఒకటి బ్రూస్ ఇంటి సంగతి, అంటే భార్య కారోల్ విషయం మొత్తం. రెండోది చివరి ఇరవై నిమిషాలు. ఈ రెండూ చెప్పకుండా కూడా పేజీలు రాయొచ్చు. "ట్విస్ట్ అదిరింది" అని కూడా రాయొద్దు, ఆ మాట చదివినవాడు సినిమా అంతా ట్విస్ట్ వెతుక్కుంటూ కూర్చుంటాడు, వాడి నవ్వు పోయినట్టే.

స్టార్లు, మార్కులు ఇవ్వాలా? నేనైతే ఇవ్వను. మా ఆరుగురిలో 5కి 4 ఇచ్చినవాడు, 5కి 1 ఇచ్చినవాడు ఒకే సన్నివేశాన్ని కారణంగా చూపించారు. అంకె చూస్తే ఇద్దరూ తూర్పు, పడమర. కారణం చూస్తే పక్కపక్కనే కూర్చున్నారు.

మొత్తం రాస్తే ఎలా ఉంటుందో చూడటానికి నేను చిన్నగా రాసింది ఒకటి పెడుతున్నాను, ఇలాగే రాయాలని కాదు:

"పెద్దవాళ్లు మాత్రమే చూడాల్సిన సినిమా, ఆత్మహత్య ప్రస్తావన, డ్రగ్స్, వేధింపులు ఉన్నాయి. మొదటి అరగంటలో పదకొండు సార్లు నవ్వాను. బ్రూస్ ఎంత నీచుడో తెలుస్తూనే ఉంది, అయినా వాడి నోటికి పడిపోయాను. ఫోన్ కాల్స్ దగ్గర పక్కనున్న స్నేహితురాలు లేచి వెళ్లిపోయింది, ఆమె అలాంటివి భరించిన మనిషి. తర్వాత బంటీ కనబడిన ప్రతిసారీ నాకు నవ్వు రాలేదు. వీధిలో మనిషి పడిపోయిన సీను దగ్గర వీడు మారతాడని ఆశపడ్డాను. ఆ ఆశతో సినిమా ఏం చేసిందో చెప్పను. మధ్యలో ఒక పావుగంట, హాంబర్గ్ ప్రయాణం దగ్గర, సాగినట్టనిపించింది. రెండోసారి చూస్తాను, కానీ ఒంటరిగా కాదు."

ఇంతే. వంద మాటలు కూడా లేవు, కానీ చదివినవాడికి తను చూడాలో వద్దో తెలుస్తుంది.

మీరు రాశాక జవాబులు వస్తాయి. "నీకు డార్క్ కామెడీ అర్థం కాదు" అని ఒకరు, "ఇలాంటి రోత మెచ్చుకుంటావా" అని ఒకరు. రెండో రకాన్ని కొట్టిపారేయకండి. రోత కలిగిందంటే ఆ మనిషి సినిమా చూశాడనే అర్థం, ఏ సీను దగ్గర కలిగిందో అడగండి, అంతే. పోలీసు ఇళ్లల్లోంచి వచ్చినవాళ్లు ఒక్కోసారి నొచ్చుకుంటారు, వాళ్ల మాట ప్రత్యేకంగా వినండి. మా నాన్న స్నేహితుడు ఒకాయన ముప్పై ఏళ్లు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు, కథ నోటితో చెబితే ఆయన అన్నింటికన్నా ఆ ప్రమోషన్ గొడవ గురించే ఎక్కువసేపు మాట్లాడారు. "సీనియారిటీ లిస్టు గోడ మీద పెట్టిన రోజు చూడాలి బాబూ స్టేషన్‌ని, ఎవరూ ఎవరితో టీ తాగరు" అన్నారు. ఆ మాట విన్నాక నాకు స్టేషన్ సీన్లన్నీ వేరేలా కనబడ్డాయి, పోటీదారుల్లో ఒకడైన రే లెనక్స్‌ను, జేమీ బెల్ వేశారు, మళ్లీ కొత్తగా చూశాను.

ఆ కాగితం పారేయకండి. ఆరునెలలకో ఏడాదికో మళ్లీ చూసినప్పుడు ఇంకో కాగితం తీసుకుని అవే మూడక్షరాలు వేసి, రెండూ పక్కపక్కన పెట్టండి. నా మొదటి కాగితంలో ఫోన్ సీన్ల దగ్గర నాలుగు "న"లు ఉన్నాయని చెప్పాను కదా. రెండో కాగితంలో అక్కడ ఒక "న", తర్వాత ఒక "ఆ", దాని కింద ఖాళీ. రూమ్మేట్ భార్యకు చూపించాను. చూసి, ఆ ఒక్క "న" మీద వేలు పెట్టి, "ఇది మాత్రం ఆ గొంతుకేలెండి, నాకూ నవ్వొచ్చేది" అంది.